ఊపిరికి రెండు వేళ్ల వదులు

ఖుద్సియా తుమ్మిందంటే వసంతం వచ్చేసినట్టేనని ఆ వీధిలో అందరూ నవ్వుకునేవారు. ఇస్లామాబాదులో జి-సెవెన్ సెక్టారు, వాగు పక్కనున్న పాత క్వార్టర్లలో ఆమె కాపురం. పెళ్లి బట్టలు కుట్టడంలో ఆమెది అందెవేసిన చేయి. ఫిబ్రవరి చివర్లో చలి వెనక్కి తగ్గి, వాగుగట్టున జంగ్లీ తూత్ అనే అడవి మల్బరీ చెట్లు ఆకులకన్నా ముందు పొడుగాటి కంకులు వేలాడేసుకోగానే ఆమె ముక్కులో దురద మొదలయ్యేది. కుట్టుమిషను ముందు కూర్చుని వరసపెట్టి తుమ్ముతుంటే గోడ అవతల నుంచి పక్కింటి సుఘ్రా బాజీ కేకేసేది.

"ఖుద్సియా! చెట్టు పూసిందా?"

"పూసింది బాజీ! మీ నెత్తిన కూడా పూయాలని దువా చేస్తున్నా!"

ఆమె పుట్టింది చక్వాల్ దగ్గర పల్లెలో. గోధుమ నూర్పిళ్ల దుమ్ములో పెరిగినా చిన్నప్పుడు ఏనాడూ ఇంత తుమ్మి ఎరగదు. ముసద్దిక్‌ని పెళ్లాడి ఈ ఊరొచ్చాక రెండు మూడు వసంతాలు బాగానే గడిచాయి. ఆ తర్వాతే పట్టుకుంది. మొదట్లో తుమ్ములూ ముక్కు కారడమూ మాత్రమే. ఆపైన కళ్లు మంట, అంగిట్లో దురద. ముసద్దిక్ నగరపాలక సంస్థ నీటి విభాగంలో గుమస్తా, నెమ్మదైన మనిషి. కూతుర్ని ముల్తాన్‌లో ఇచ్చాక ఇంట్లో మిగిలింది ఇద్దరే. జోషాందా మూలికల పొట్లం వేడినీళ్లలో కలిపి, "బేగం సాహిబా, తమరి వసంత కషాయం" అంటూ చేతికందించేవాడు. తాగితే గొంతుకి హాయిగా ఉండేది. ముక్కు మాత్రం తన దారిన తాను కారేది.

గత రెండేళ్లుగా ఛాతీలో పిల్లికూతలు కూడా వస్తున్నాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ముసద్దిక్‌కి కూడా. ఊపిరి జబ్బు మనిషి అని పేరు పడితే పెళ్లికూతురి బట్టలు ఎవరు చేతికిస్తారు? శుభమా అని కుట్టించుకుంటూ దగ్గుతున్న మనిషిచేత తొలి కుట్టు వేయించుకుంటారా? అందుకని కూత వచ్చినప్పుడు రేడియో పెద్దది చేసేది. మార్చిలో ముక్కులకి గుడ్డలు కట్టుకుని తిరిగేవాళ్లని చూసి, "గాలికి కూడా పరదానా!" అని తానే ముందుగా నవ్వేది.

ఆ ఏడు మార్చిలో తూత్ చెట్లు మునుపెన్నడూ లేనంతగా పూశాయి. కిటికీ పక్కన పరిచిన నల్ల మఖమలు మీద పొద్దున్నే సన్నటి పసుపురంగు పొడి పేరుకునేది. ఖుద్సియా దాన్ని ఊదేసి పనిలో పడేది. ఒక ఉదయం, తయారైన లెహంగా మూట తీసుకుని రావల్పిండి సదర్‌లోని ఇంట్లో ఇచ్చి రావాలని మెట్రో బస్సెక్కింది. స్టేషను మెట్లెక్కేసరికే రొప్పు వచ్చింది. ఆడవాళ్ల సీట్లలో ఒకటి దొరికి కూలబడింది. బస్సు ఫైజాబాదు దాటుతుండగా లోపలికి పీల్చిన గాలి బయటికి రావడం మానేసింది. ఛాతీ చుట్టూ ఎవరో చీర గుంజి ముడేసినట్టయింది. మూట ఒళ్లోంచి జారి కిందపడింది.

చుట్టూ ఉన్నవాళ్లు గోల మొదలెట్టారు.

"కళ్లు తిరిగినట్టున్నాయి, పడుకోబెట్టండి!"

"నీళ్లు పొయ్యండి నోట్లో!"

"నా దగ్గర అత్తరుంది, వాసన చూపిస్తే తెలివొస్తుంది."

"అత్తరొద్దు! పడుకోబెట్టొద్దు! కాస్త జరగండి, గాలి రానివ్వండి." ఆ గొంతు కాస్త బొంగురుగా, బడిలో పిల్లల్ని అదిలించే పంతులమ్మ గొంతులా ఉంది. ముఖాన మాస్కు, కళ్లకి పెద్ద అద్దాలు. అంతకుమించి ఖుద్సియాకి ఏమీ కనిపించలేదు. ఆ పిల్ల వచ్చి ఖుద్సియా పక్కన మోకాళ్లమీద కూర్చుంది. "ఖాలా, ముందుకి వంగి కూర్చోండి. మోచేతులు మోకాళ్లమీద పెట్టండి. మీకు ఉబ్బసం ఉందా?"

"జలు..." అంది ఖుద్సియా. మాట సగంలోనే ఊపిరి అయిపోయింది.

"జలుబు కాదిది." ఆ పిల్ల సంచిలోంచి నీలంరంగు ఇన్‌హేలర్ తీసింది. ఒకామె చేతిలోని నీళ్ల సీసా అడిగి పుచ్చుకుని నీళ్లు ఒలకబోసింది. "కత్తెరుందా ఎవరి దగ్గరైనా?" ఖుద్సియా తన సంచి వైపు వేలు చూపించింది. దారాలు తెంపే చిన్న కత్తెర అందులో ఉంది. దాంతో సీసా అడుగున కన్నం చేసి, ఇన్‌హేలర్ మూతిని అందులో దూర్చి, సీసా నోటిని ఖుద్సియా పెదవుల మధ్య పెట్టింది. "నేను నొక్కుతాను. మీరు మెల్లగా పీల్చండి, మెల్లగా వదలండి. కంగారేం లేదు. ఎక్కడికీ పోనక్కర్లేదు మనకి. ఇంకోసారి. షాబాష్ ఖాలా."

తర్వాతి స్టేషనులో దించారు. అక్కడి కాపలా మనిషి అంబులెన్సుకి ఫోను చేశాడు. బెంచీమీద ఆ పిల్ల ఖుద్సియా వీపుకి తన చేయి ఆనించి, ఆగి ఆగి మందు కొడుతూనే ఉంది. మధ్యమధ్య ఆమె ఫోను మోగుతోంది. చూసి కట్ చేస్తోంది. అంబులెన్సు వచ్చేసరికి ఖుద్సియాకి ఒక చిన్న వాక్యం అనేంత ఊపిరి వచ్చింది. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే ఆ పిల్ల ఇన్‌హేలర్‌ని ఆమె గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది.

"దారిలో ట్రాఫిక్ ఉంటుంది. ఉంచండి."

"మరి... నీకు?"

"నా దగ్గర ఇంకోటుంది ఖాలా. మీరెళ్లండి."

మూట కూడా మర్చిపోకుండా తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. ఆపైన గుంపులో కలిసిపోయింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, పొగలా వచ్చే మందు పీల్పించారు. ముసద్దిక్ చెప్పులు తిరగేసుకుని పరుగున వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. సాయంత్రానికి ఖుద్సియా లేచి కూర్చుని యఖ్నీ మాంసం చారు తాగుతుంటే డాక్టర్ రొమానా వచ్చి కుర్చీ లాక్కుంది. నడివయసు మనిషి, ఆమె ముక్కు కూడా ఎర్రగానే ఉంది.

"ఎన్నాళ్ల నుంచి తుమ్ముతున్నారు?"

"ఈ ఊరొచ్చినప్పట్నుంచీ. వసంతమొస్తే అందరూ తుమ్మరా డాక్టరమ్మా?"

"తుమ్ముతారు. నేనూ తుమ్ముతాను. కానీ అందరి పెదాలూ నీలంగా మారవు. ఛాతీలో కూతలు ఇవాళే మొదలా?"

ఖుద్సియా తల వంచుకుంది. ముసద్దిక్ ఆమె వంక చూశాడు. ఆ చూపే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

"రెండేళ్లైంది," అంది నెమ్మదిగా.

డాక్టర్ కోప్పడలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న చెట్ల వరస చూపించింది. "అవే మీ శత్రువులు. ఊరు కట్టిన కొత్తలో తొందరగా పచ్చబడాలని నాటారు. అవి మనకన్నా తొందరగా సంసారం పెంచుకున్నాయి. మగచెట్టు కంకుల్లోంచి పుప్పొడి రేగి మైళ్లకొద్దీ పోతుంది. మన ఒళ్లు దాన్ని విషమనుకుని యుద్ధానికి దిగుతుంది. ముక్కులో యుద్ధమైతే తుమ్ములు, కళ్లలోనైతే నీళ్లు, ఊపిరి గొట్టాల్లోనైతే ఇదిగో, ఇవాళ్టి సంగతి. గడ్డి పుప్పొడి, ఇంటి దుమ్ము, గోడల బూజు కూడా కొందరికి తోడవుతాయి. మీకేవి పడవో తర్వాత పరీక్ష చేసి చూద్దాం."

"మా వాగుగట్టున ఉన్నవి కొట్టించేస్తే?" అన్నాడు ముసద్దిక్.

"మర్గల్లా కొండల దాకా ఎన్ని కొట్టిస్తారు భాయ్‌సాహెబ్? పక్క సెక్టారు నుంచి గాలి రాదా?"

"ఒక్క సూది వేయించుకుంటే సీజనంతా మాయమైపోతుందంట కదా?" ఖుద్సియా అడిగింది. "మా బాజీ వాళ్ల మరిది ఏటా కాంపౌండరు దగ్గర వేయించుకుంటాడు."

"అది స్టెరాయిడ్ సూది, దానికి ఆయన ఎముకలు గుల్లవుతాయి, షుగరొస్తుంది. దాని జోలికి పోకండి. రోజూ చేసే చిన్న పనులు చెప్తాను, అవి చాలు." అలా చెబుతూ డాక్టర్ ఆ నీలంరంగు ఇన్‌హేలర్‌ని చేతిలోకి తీసుకుంది. "ఇది మీది కాదన్నారు కదూ? ఒకరి మందు ఒకరు వాడొద్దని రోజంతా అరిచేదాన్ని నేనే. కానీ ఇవాళ ఆ అమ్మాయి ఆలస్యం చేసుంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎవరో గానీ, చదువుకున్నది వృథా పోలేదు."

ఆ మాటతో ఖుద్సియా యఖ్నీ గిన్నె పక్కన పెట్టేసింది. ఆ పిల్లకీ ఇదే జబ్బు. ఈ పుప్పొడిలోనే ఆమె కూడా నడుచుకుంటూ పోయింది. ఇంకోటుందన్న మాట నిజమేనా?

ఇంటికొచ్చాక వాళ్ల దినచర్యే మారిపోయింది. పొద్దుటిపూట కిటికీలు మూత. ఆరేసే బట్టలు లోపలి గదిలో. బయటి నుంచి వస్తే ముఖం, తల కడుక్కున్నాకే మంచమెక్కడం. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మొదటి రోజు పెద్ద రభసైంది. నీళ్లు గొంతులోకి పోయి ఖుద్సియా ఇల్లంతా పరుగెత్తింది. ముక్కులో కొట్టుకునే స్ప్రే దగ్గర ముసద్దిక్ మేస్త్రీలా నిలబడేవాడు.

"తల కొంచెం వంచు. కుడిచేత్తో ఎడమ ముక్కు. మూతిని చెవి వైపు తిప్పమంది డాక్టరు, నడిమి గోడకి కొట్టొద్దంది. గట్టిగా ఎగపీల్చకు!"

"మీరు చెప్పడం ఆపితే పీలుస్తాను!"

"నాలుగు రోజులకే ఏం తేడా లేదని గొణక్కు. మెల్లగా పనిచేస్తుందట."

నిజంగానే మెల్లగా పనిచేసింది. నిద్రమత్తు తేని మాత్ర ఒకటి, ఛాతీకి రోజూ పొద్దునా సాయంత్రం పీల్చే మందు ఒకటి, పీల్చాక నోరు పుక్కిలించడం. వారం తిరిగేసరికి ఆమె రాత్రంతా పడుకుని లేచింది. లేచాక మంచం మీదే కూర్చుని, ఊపిరి పూర్తిగా లోపలికి తీసి పూర్తిగా వదిలింది. అంత మామూలు పని అంత గొప్పగా ఉంటుందని ఆమెకి ఎన్నడూ తెలియదు. పక్కకి చూస్తే ముసద్దిక్ మెలకువగానే ఉన్నాడు. రెండేళ్లు దాచిన సంగతి అతను మళ్లీ ఎత్తలేదు. "ఇకమీద రేడియో పెద్దది చేస్తే నాకు అనుమానమొస్తుంది" అని మాత్రం అన్నాడు.

కోలుకున్న మర్నాటి నుంచే ఆమె మాస్కు కట్టుకుని అదే వేళకి అదే బస్సెక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్లకి ఇన్‌హేలర్ తిరిగివ్వాలి, క్షేమంగా ఉందో లేదో చూడాలి. ముసద్దిక్ తల పట్టుకున్నాడు.

"గుర్తులేమిటి?"

"మాస్కు. అద్దాలు. సన్నటి పిల్ల."

"మార్చిలో ఇస్లామాబాదు సగం అదే కదే!"

అయినా ఆమె మానలేదు. మాస్కూ అద్దాలూ కనిపిస్తే చాలు, పక్కన చేరి, "బేటీ, నీ ఇన్‌హేలర్ ఎవరికైనా ఇచ్చావా?" అని అడిగేది. కొందరు జరిగి కూర్చున్నారు. ఒకామె పెద్దగా తుమ్మి, "నాకే ఎవరైనా ఇస్తే బాగుండు ఖాలా" అంది. ఏప్రిల్ వానలు పడి పుప్పొడి కడుక్కుపోయింది, జనం ముఖాలు బయటపడ్డాయి, ఆ పిల్ల జాడ లేదు.

మేలో ఎలర్జీ కేంద్రంలో ఆమెకి చర్మపరీక్ష చేశారు. ముంజేతిమీద చుక్కలు చుక్కలుగా మందులు వేసి సూదిమొనతో తాకించారు. కాసేపటికి తూత్ చుక్క వేసినచోట శనగగింజంత దద్దురు లేచి, గీక్కోకుండా ఉండలేనంత దురద పుట్టింది. గడ్డి చుక్క దగ్గర చిన్నది. మిగతావన్నీ చదును. ఏ పుప్పొడి పడదో దాన్నే కొంచెం కొంచెంగా సూదులతో ఒంటికి అలవాటు చేస్తారని, మూడు నాలుగేళ్లు ఓపిగ్గా వస్తే వసంతం మునుపటంత కొట్టదని చెప్పారు. మొదటి సూది వేయించుకుని, ఒంటికి పడుతుందో లేదో చూడ్డానికి కూర్చోమన్న హాల్లో ఆమె కూర్చుంది.

వెనక వరసలో ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు. "అమ్మీ, ఊరికే కంగారుపడకు. నా దగ్గర ఇంకోటుంది."

ఖుద్సియా గబుక్కున లేచి వెనక్కి తిరిగింది. గుండ్రటి ముఖం, పెద్ద అద్దాలు, చుబుకం మీద చిన్న మచ్చ. మాస్కు లేకపోతే ఇంత చిన్న పిల్లా!

"అబద్ధం!" అంది ఖుద్సియా. "ఆ రోజు కూడా అబద్ధమే చెప్పావు, అవునా?"

ఆ పిల్ల ఫోను దించి అయోమయంగా చూసింది. ఆమె కళ్లు ఖుద్సియా ముఖం నుంచి సంచి మీదికి, సంచిలోంచి బయటికొచ్చిన నీలం ఇన్‌హేలర్ మీదికి వెళ్లాయి. "ఖాలా! మీరా!"

ఇద్దరూ కావలించుకున్నారు. సూది పడ్డ చేతులు కదా, ఇద్దరూ ఒకేసారి "అబ్బా" అన్నారు. కాంపౌండరమ్మ, "నెమ్మదిగా, నెమ్మదిగా" అని నవ్వింది.

ఆమె పేరు వజీహా. చిన్నపిల్లల బడిలో బొమ్మలు వేయడం నేర్పుతుంది. ఆ రోజు ఆమె దగ్గర రెండో ఇన్‌హేలర్ లేదు. సదర్‌లో కాబోయే అత్తగారు ఫర్ఖందా బేగంతో నిశ్చితార్థపు పట్టుబట్టలు కొనడానికి వెళ్తోంది. ఆగకుండా మోగింది ఆవిడ ఫోనే. ఆలస్యంగా వెళ్లి, దుకాణం మెట్లెక్కేసరికి తనకీ ఆయాసం వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని, నోరు మూసుకుని, మెల్లగా మెల్లగా ఊపిరి తీసుకుంటూ గండం గట్టెక్కింది. ఎవరికీ చెప్పకుండా, తిరిగొచ్చే దారిలో మందుల షాపులో ఇంకోటి కొనుక్కుంది.

"ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"వాళ్లకి తెలీదు ఖాలా. ఊపిరి జబ్బు పిల్లని ఎవరు చేసుకుంటారని అమ్మీ ఒట్టేయించుకుంది. పెళ్లి వచ్చే మార్చిలో. కొండకింద లాన్‌లో. పూలు బాగుంటాయని ఆవిడ కోరిక."

"మార్చిలో, లాన్‌లోనా! స్టేజీ మీద నీలంగా మారతావా?"

"రెండు మాత్రలు ఎక్కువ మింగి, మేకప్ కింద నవ్వేస్తాను," అంది వజీహా. నవ్వబోయి ఆగిపోయింది.

ఖుద్సియా తిట్టబోయింది. రేడియో పెద్దది చేసుకున్న మనిషికి ఏం తిట్టే హక్కుందని నోరు మూసుకుంది. ఒక్కటి మాత్రం పట్టుబట్టింది, పెళ్లిబట్టల జోడా తానే కుట్టి ఇస్తుంది, అందులో మారుమాట లేదు. ఆ ఎండాకాలం, వానాకాలం ఇద్దరూ సూదుల రోజున ఒకేచోట కూర్చునేవారు. వజీహా గుడ్డమీద వేయాల్సిన తీగలు గీసి చూపించేది. ఖుద్సియా చెప్పొద్దు చెప్పొద్దనుకుంటూనే ప్రతిసారీ చెప్పేది, "వాళ్లతో చెప్పెయ్యవే."

"మీకు కాపురమై ఇన్నేళ్లైంది ఖాలా. నాకింకా మొదలే కాలేదు."

జనవరిలో, పెళ్లికార్డులు అచ్చుకి వెళ్లే ముందు, ఫర్ఖందా బేగం కోడలి కుర్తీ సరిపోయిందో లేదో చూడ్డానికి స్వయంగా వచ్చింది. భారీ మనిషి, భారీ గొంతు. షాలు దులిపి కూర్చుని, ముసద్దిక్ తెచ్చిచ్చిన గాజర్ హల్వా ముందుకి లాక్కుంది. లోపలి గదిలోంచి వజీహా కుర్తీ వేసుకుని వచ్చి నిలబడింది. ఫర్ఖందా బేగం కళ్లజోడు సవరించుకుంది.

"పని బంగారంలా ఉంది, మాషా అల్లా. కానీ ఈ ఛాతీ దగ్గర వదులేమిటమ్మా? రెండు వేళ్లు దూరుతున్నాయి! పెళ్లికూతురి కుర్తీ అతికినట్టుండాలి. బిగించు."

ఖుద్సియా నోట్లో పిన్నులున్నాయి. ఆ వదులు ఆమె కావాలనే ఉంచింది. పొరపాటని ఒప్పుకుని బిగించేస్తే మార్చిలో ఈ పిల్లకి ఏమవుతుందో ఆమెకి తెలుసు. నిజం చెప్పేస్తే అది ఆమె చెప్పాల్సిన నిజం కాదు. పిన్నులు తీసి దిండుకి గుచ్చుతూ వజీహా ముఖంలోకి చూసింది.

వజీహా పెదవి కొరుక్కుంది. "బిగించొద్దు ఆంటీ. ఆ వదులు నా ఊపిరికి."

"ఏమిటీ?"

"నాకు ఉబ్బసముంది. వసంతంలో ఎక్కువవుతుంది. మందులు వాడుతున్నాను. చిన్నప్పట్నుంచీ ఉంది. దాచాను."

హల్వా చెంచా గిన్నెలో ఆగిపోయింది. ముసద్దిక్ నెమ్మదిగా వంటింట్లోకి జారుకున్నాడు. ఖుద్సియా ఇక ఆపుకోలేకపోయింది.

"బేగం సాహిబా, పోయిన మార్చిలో మీరు సదర్‌లో ఎదురుచూస్తుంటే ఈ పిల్ల ఆలస్యంగా వచ్చింది, గుర్తుందా? దారిలో నా ప్రాణం పోతుంటే తన మందు నా నోట్లో పెట్టింది. అది నాకిచ్చేసి తను ఖాళీ చేతుల్తో మీ దగ్గరికొచ్చింది. ఇవాళ నేను సూది పట్టుకున్నానంటే దీని పుణ్యమే. ఆ పైన మీ ఇష్టం."

ఫర్ఖందా బేగం వజీహావైపే చూస్తోంది. "ఆ రోజు రొప్పుతూ వచ్చావు. నన్ను చూసి భయపడ్డావనుకున్నాను. కోడలు భయపడుతోందని ఇంటికెళ్లి మా వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా!" గొంతు పెరిగింది. "జబ్బుందని నాకు కోపం లేదు. మా అబ్బాయి తైమూర్ మేనత్తకి ఉంది, నలుగుర్ని కని మునిమనవల్ని చూస్తోంది. నా దగ్గర దాచావు చూడు, దానికి కోపం! పూలున్నాయని నిన్ను ఆ చెట్ల మధ్య సింహాసనం మీద కూర్చోబెడుతుంటే నోరు మూసుకుని కూర్చుందామనుకున్నావా? నేను కోడల్ని తెచ్చుకుంటున్నానా, జనాజా పాడెనా?"

"తప్పైంది ఆంటీ."

"ఆంటీ ఏమిటి ఆంటీ! అమ్మీ అను. ఏడవకు. ఏడిస్తే మళ్లీ ఆయాసం రాదూ? ఏదీ నీ ఇన్‌హేలరు? ఎక్కడ పెట్టుకుంటావు? ఎలా నొక్కాలి? చూపించు నాకు."

వజీహా కళ్లు తుడుచుకుంటూ చూపించింది. బాగా ఊపి, ఊపిరంతా వదిలేసి, పెదవులు బిగించి, నొక్కుతూ పీల్చి, లోపలే కాసేపు పట్టి ఉంచాలని చెప్పింది. ఫర్ఖందా బేగం ఉత్త చేత్తో రెండుసార్లు చేసి చూసుకుంది. ఆపైన వియ్యపురాలికి ఫోను కలిపింది.

"నుజ్హత్ చెల్లీ, నేను. పిల్ల చెప్పేసింది. వణకకమ్మా, పెళ్లెక్కడికీ పోలేదు. లాన్ పోయింది. ఏప్రిల్ చివర్లో, వానలు పడ్డాక, తలుపులున్న హాల్లో చేసుకుందాం. కార్డులు ఆపించు. ఇంకేమైనా దాచావా? మోకాళ్ల నొప్పులూ గట్రా? ఉంటే ఇప్పుడే చెప్పు, నాకూ ఉన్నాయి."

అవతల ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. ఖుద్సియా దిండుకి గుచ్చిన పిన్నులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేసింది. రెండు వేళ్ల వదులు అలాగే ఉండిపోయింది.

ఆ మార్చికి తూత్ చెట్లు మళ్లీ పూశాయి. ఖుద్సియా కంకులు వేలాడక ముందే స్ప్రే మొదలుపెట్టింది, ఒక్క సూది కూడా మానలేదు. తుమ్ములు రాకపోలేదు. ఒకటి రెండు రోజులు గాలి ఎక్కువైనప్పుడు కళ్లు మండాయి. గోడ అవతల నుంచి సుఘ్రా బాజీ, "ఏమే, ఈసారి చెట్టు పూయలేదా?" అని అనుమానంగా అడిగింది. పిల్లికూత మాత్రం రాలేదు. మూసిన కిటికీ వెనక, ట్యూబులైటు వెలుగులో ఆమె జోడా అంచులు పూర్తి చేసింది. బట్టలివ్వడానికొచ్చినవాళ్లెవరైనా దగ్గితే ముక్కు సంగతి, ఛాతీ సంగతి అడిగి, డాక్టర్ రొమానా దగ్గరికి పొమ్మనేది. తన ఉబ్బసం గురించి తానే చెప్పేది. ఒక్కరూ బట్టలు వెనక్కి తీసుకుపోలేదు.

ఏప్రిల్ చివర పెళ్లైంది. వజీహా స్టేజీ మీద హాయిగా కూర్చుని బిర్యానీ కూడా తింది. ఫర్ఖందా బేగం తన పర్సు చూపించి, "ఇందులో ఒకటి, తైమూర్ జేబులో ఒకటి, పిల్ల దగ్గర ఒకటి. మూడున్నాయి, అబద్ధం కాదు" అని ఖుద్సియాతో గర్వంగా చెప్పింది.

పదిహేను రోజుల తర్వాత కొత్త దంపతులు భోజనానికొచ్చారు. ముసద్దిక్ తైమూర్‌ని కూర్చోబెట్టుకుని నీటి పైపుల చరిత్రంతా చెబుతున్నాడు. వంటింట్లో వజీహా పళ్లేలు తుడుస్తోంది. ఖుద్సియా పులావ్ మూత తీసి మళ్లీ పెట్టేసింది.

"వజీహా, నీకు నేను ఒక మాట చెప్పలేదు. దొరికినప్పట్నుంచీ నిన్ను తిట్టడంతోనే సరిపోయింది. ఆ రోజు..."

"ఖాలా, వదిలేయండి."

"వదలను. ఆ రోజు నువ్వు నీ ఊపిరి తీసి నాకిచ్చావు. ఆ పొద్దున నేను పోయుంటే ఆ బయట కూర్చున్న మనిషి ఎవరికి కషాయం కలిపేవాడు? ముల్తాన్‌లో నా కూతురికి మొన్న పిల్ల పుట్టింది, దాన్ని ఎవరు ఎత్తుకునేవారు? ప్రతి పొద్దునా ఊపిరి తీసుకోగానే నువ్వు గుర్తొస్తావు. షుక్రియా బేటీ. ఇంతకన్నా పెద్దమాట నాకు తెలీదు."

వజీహా పళ్లెం పక్కన పెట్టింది. "మరి నేనేమనాలి? మీరు ఆ కుర్తీ బిగించేసుంటే నేనింకా దాక్కునే ఉండేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో అందరి ముందూ దగ్గుతున్నాను ఖాలా. ఎంత హాయిగా ఉందో మీకు తెలీదు. షుక్రియా నేను చెప్పాలి."

"నువ్వెందుకు చెప్పాలి? ముందు నువ్వే కదా..."

"కాదు, మీరే..."

"లోపల ఎవరికెవరు బాకీయో తేలేలోపు మేమిక్కడ ఆకలికి పోతాం!" బయటి నుంచి ముసద్దిక్ కేకేశాడు.

ఇద్దరూ నవ్వుతూ పులావ్ గిన్నె చెరో పక్క పట్టుకున్నారు. గడప దగ్గర ఖుద్సియా ఒక్కక్షణం ఆగి, గిన్నెలోంచి లేస్తున్న లవంగాల వాసన ముక్కునిండా, ఛాతీనిండా పీల్చుకుంది. ఆ తర్వాత పెద్ద మాంసం ముక్క వజీహా పళ్లెంలో వేసింది.